కణితిగెడ్డని ‘కంతిగడ్డ’ చేసేశారు. మన కొండల పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా?

మందస_కొండగాలి
దసరాకి ఊరెళ్ళాను. మాది శ్రీకాకుళం జిల్లా మందసకి పైన, కొండల కిందున్న చిన్న ఊరు. పొద్దున్నే మా పాపని తీసుకుని గెడ్డ (కొండవాగు) వైపు నడిచాను. మలుపులో కొత్త బోర్డు, నీలం రంగు మీద తెల్లక్షరాలు: ‘కంతిగడ్డ’. రెండో తరగతి చదువుతోంది, ఎక్కడ అక్షరాలు కనిపించినా చదవాల్సిందే. కూడబలుక్కుని చదివి, ‘నాన్నా, కంతి అంటే ఏంటి?’ అంది. ఒంట్లో లేచే గడ్డ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అది కణితిగెడ్డ. కణితి అంటే అడవిలో తిరిగే పెద్ద దుప్పి. పూర్వం కణితులు నీళ్ళకి దిగేవని ఆ పేరు. ఎవరో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరుని మళ్ళీ తెలుగులోకి దింపారు, ఆ దింపుడులో జంతువు పోయి రోగం వచ్చింది. ఫోన్ మ్యాపులో చూస్తే ఇంకా ఘోరం, ‘కాంతి గద్ద’ అని ఉంది.

మా తాత సాయంత్రం అరుగు మీద కూర్చుని చేత్తో చూపిస్తూ వరసగా చెప్పేవాడు: అది పందిమెట్ట, ఆ వెనకది జంటకొండ, ఆ మొండిది గొడ్డలిమెట్ట, పొగమంచు పట్టినది ఉయ్యాలకొండ. తాత పోయి రెండేళ్ళయింది. అదే అరుగు మీద కూర్చుని లెక్కపెట్టుకుంటే నాకు ఏడు పేర్లే గుర్తొచ్చాయి. ఎదురుగా కనిపించే తలలు ఇరవైకి తక్కువ లేవు.

మీ మీ ఊళ్ళ కొండల పేర్లు, గెడ్డల పేర్లు, అవి ఎలా వచ్చాయో తెలిసినంత రాయండి. పాపకి చెప్పాలి.

సాలూరు_చిన్నోడు
మా పాచిపెంట దగ్గర పెద్దగెడ్డ రిజర్వాయరుకీ ఇదే గతి. ఫోన్లో దారి చెప్పే ఆవిడ ‘పెద్ద గడ్డ’ అంటుంది. హైదరాబాదు నుంచి వచ్చిన మా బావ ‘ఉల్లిగడ్డా, ఆలుగడ్డా’ అని దారంతా ఒకటే నవ్వు.

పాలకొండ_మాస్టారు
బావని ఏమనలేం చిన్నోడూ, ఆయన ఊళ్ళో గడ్డ అంటే దుంపే. గెడ్డ మన ఉత్తరాంధ్ర మాట. కొండ మీంచి దిగే వాగుని గెడ్డ అంటాం. ఏరు అంతకన్నా పెద్దది, నది ఇంకా పెద్దది. వట్టిగెడ్డ, పెద్దగెడ్డ, సున్నపుగెడ్డ, ఇవన్నీ నీళ్ళ పేర్లు. ఒక్క ఎత్వం తీసేస్తే సున్నపుగెడ్డ సున్నపుగడ్డ అయిపోతుంది. నీళ్ళు పోయి తాంబూలంలోకి సున్నం ముద్ద మిగులుతుంది.

మెట్ట కూడా అంతే. గోదావరి జిల్లాల వాళ్ళకి మెట్ట అంటే వానాధారపు భూమి. మనకి మెట్ట అంటే చిన్నకొండ. ‘మెట్ట ఎక్కి ఆవుని తోలుకురా’ అని మా అమ్మ అంటే, కోనసీమ నుంచి బదిలీ మీద వచ్చిన మా హెడ్మాస్టరుకి అర్థం కాలేదు. పొలం ఎక్కడమేంటి అని అడిగాడు.

ఇక వలస. ఆమదాలవలస, కొత్తవలస, మద్దువలస, జియ్యమ్మవలస. మన జిల్లాల్లో చేతివేళ్ళకి అందనన్ని ఉన్నాయి. ఎక్కడి నుంచో జనం కదిలి వచ్చి, అడవి కొట్టుకుని, నీళ్ళ పక్కన దిగిన చోటల్లా వలసే. పేరు వింటే చాలు, ఆ ఊరి మొదటి మనుషులు ఎలా వచ్చారో తెలిసిపోతుంది.

బొబ్బిలి_వీణ
మాస్టారూ, మా ఊరి పేరులో పులి ఉంది, మర్చిపోకండి. పెద్దపులి, పెబ్బులి, పెబ్బిలి, బొబ్బిలి. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ఇలాగే చెబుతారు.

పాలకొండ_మాస్టారు
ఆ పులి అడవిలో పులి కాదమ్మా. సంస్థానం ఇచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ పేరులోని ‘షేర్’ని, అంటే పులిని, గౌరవించి పెట్టుకున్నారని మీ ఊళ్ళోనే చెప్పుకుంటారు కదా. బిరుదు పులి అది.

బొబ్బిలి_వీణ
పులి పులే మాస్టారూ :)

విజీనారం_నిఘంటువు
నాదొక అభ్యంతరం. కణితి అనే మాటకే రెండర్థాలు ఉన్నాయి. ఒంట్లో లేచే గడ్డనీ కణితి అంటారు, నిఘంటువు తీస్తే ముందు కనిపించేది అదే. దుప్పికి కణుజు అనే మాట కూడా ఉంది. బోర్డు రాసినవాళ్ళు తప్పు చేశారని అంత ఖాయంగా ఎలా అంటారు? గెడ్డ మధ్యలో గడ్డలాంటి రాయేదైనా ఉండి, దాన్నిబట్టి పేరు వచ్చి ఉండొచ్చు కదా? మనకి నచ్చిన కథని చరిత్ర అనేసుకోవడం కూడా ఒక రకం తప్పే.

మందస_కొండగాలి
అడగాల్సిన మాటే అడిగారు. గెడ్డలో రాళ్ళు చాలానే ఉన్నాయి. కానీ తాత చెప్పిన కథలో రాయి లేదు. ఆయన చెప్పిన చోటికి పాపతో వెళ్ళి చూశాను. గెడ్డ వంపు తిరిగే దగ్గర గట్టు కోసుకుపోయి తెల్లటి మట్టి బయటపడి ఉంది. ఆ మట్టిని కణితులు నాకేవని చెప్పేవాడు. ఇప్పుడక్కడ మేకల గిట్టలే ఉన్నాయి.

సవరగూడ_టీచర్
తెల్లమట్టి అన్నారు కాబట్టి రాస్తున్నాను. మాది మెళియాపుట్టి వైపు కొండ మీద ఊరు. మేం సవరలం.

ఉప్పదనం ఉన్న మట్టి కోసం కణితులు రాత్రిపూట దిగడం మా నాన్న కళ్ళారా చూశాడు. ఆకులు మేసే జంతువుకి ఒంట్లో ఉప్పు చాలదు, అందుకని మట్టి వెతుక్కుంటుంది. మా నాన్న చింతచెట్టు మీద మంచె కట్టుకుని కంది చేనుకి కాపలా పడుకునేవాడు. చీకట్లో ‘ఢాంక్’ అని ఒక్క అరుపు వినిపించేదట, కొండ అవతల ఎవరో ఖాళీ డబ్బాని కర్రతో కొట్టినట్టు. అది కణితి అరుపు. చిరుత వాసన తగిలితే అలా అరుస్తుంది. ఆ అరుపు వింటే మా నాన్న మంచె దిగేవాడు కాదు. ఏటేటా కొమ్ములు రాల్చేస్తుంది కాబట్టి, రాలిన కొమ్ము ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. నా మోచేయి నుంచి వేలికొస దాకా వస్తుంది.

నిఘంటువు గారూ, మీ అనుమానం మంచిదే. కానీ అడవి పక్క బతికినవాళ్ళు నీళ్ళకి రోగం పేరు పెట్టరు. తాగే నీళ్ళు అవి.

ఇంకో సంగతి. మీరు చెప్పుకునే పేర్లన్నీ కింది నుంచి చూసినవాళ్ళు పెట్టినవి. పైన మాకు వేరే పేర్లున్నాయి. మా భాషలో కొండ ‘బరు’, నీళ్ళు ‘డా’. మీకు దూరానికి ఒక్క కొండగా కనిపించేది మాకు ఒక్కటి కాదు. ఎండ తగిలే వైపు ఒక పేరు, కంది వేసే వాలుకి ఒక పేరు, ఊట పుట్టే చోటుకి ఒక పేరు. ఊట కింద రాళ్ళు పేర్చి మెట్లు మెట్లుగా మడులు కడతాం, వరి పండేది వాటిలోనే. ఆ రాతిగట్లలో సిమెంటు చుక్క ఉండదు. ఒక్కో మడికి మళ్ళీ పేరు. సర్వే కాగితంలో వీటిలో ఒక్కటీ లేదు.

పాలకొండ_మాస్టారు
టీచరమ్మా, ఈ మాట చెప్పినందుకు చాలా సంతోషం. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర నేర్చుకున్నది ఈ కొండల వాళ్ళ దగ్గరే. ఆయన చేసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆయన పుట్టిన ఊరి పేరు చూడండి, పర్వతాలపేట. ఆగస్టు 29న ఏటా ఆయన పేరు చెప్పి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండలు వేస్తాం. ఆయన ఏళ్ళతరబడి విన్న ఆ రెండో భాషని మాత్రం ఆ రోజు ఎవరూ తలవరు. బడిలో పనిచేసినన్నాళ్ళూ నేనూ తలవలేదు, అది నన్ను బాధపెడుతూనే ఉంది.

గరుగుబిల్లి_రైతు
దుప్పుల గురించి ముద్దుగా మాట్లాడుకుంటున్నారు, మంచిదే. ఏనుగుల సంగతి ఎవరూ ఎత్తరేం? 2018 సెప్టెంబరు నుంచి మా వైపు నిద్ర లేదు. ఒడిశా నుంచి దిగాయి, నాగావళి ఒడ్డున తిష్ట వేశాయి. చెరకు, అరటి, వరి, దేన్నీ వదలవు. నా ఎకరం అరటి ఒక్క రాత్రిలో పోయింది. తిన్నది పావు వంతు, తొక్కింది ముప్పావు. పరిహారం కోసం కాగితాలు పట్టుకుని తిరిగిన చెప్పులు రెండు జతలు అరిగాయి.

తూర్పుకనుమ_పిట్ట
రైతన్న బాధ నిజమే, పరిహారం వెంటనే అందాలి. కానీ ఏనుగులు మన దగ్గరికి కొత్తగా రాలేదు. 2007లో కూడా ఒడిశా లఖారి అడవుల నుంచే వచ్చాయి. అంతకన్నా వెనక్కి వెళితే, కళింగ ఏనుగులు శ్రేష్ఠమైనవని కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఉంది. మన గజపతినగరం పేరు చూడండి, అవతల ఒడిశాలో జిల్లా పేరే గజపతి.

గరుగుబిల్లి_రైతు
గజపతి రాజుల బిరుదు తమ్ముడూ. బిరుదు ఏనుగు నా అరటి తినలేదు.

సాలూరు_చిన్నోడు
మొన్న బిరుదు పులి, ఇవాళ బిరుదు ఏనుగు. మాస్టారు దారిలో పెట్టేశారు అందర్నీ.

తూర్పుకనుమ_పిట్ట
అన్నా, మీ మాట కాదనను. రెండువైపులా ప్రాణాలు పోతున్నాయి. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేచోట చనిపోయాయి. ఆ మర్నాడు నేను వెళ్ళాను. ఊళ్ళో ఆడవాళ్ళు పసుపు, కుంకుమ, పూలు తెచ్చి వాటి మీద వేసి ఏడుస్తున్నారు. ముందురోజు దాకా వాటిని తిట్టినవాళ్ళే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, అవి నడిచే దారి పాతది. ఆ దారి ఏయే కొండ సందుల్లోంచి వస్తుందో పెద్దవాళ్ళు పెట్టిన పేర్లలో ఎక్కడో ఉండి ఉంటుంది. ఆ పేర్లు పోగొట్టుకుంటే మనం ఎప్పుడూ ఏనుగు పొలంలోకి వచ్చాకే నిద్రలేస్తాం.

గరుగుబిల్లి_రైతు
ఆ ఆడవాళ్ళలో మా చిన్నమ్మ కూతురు కూడా ఉంది. దాని చేను కూడా పోయింది అంతకు ముందు. సరే. మా ఊరి పైన ఏనుగుల పేరుతో కొండలేవైనా ఉన్నాయేమో మా అయ్యని అడుగుతాను.

ఉద్దానం_జీడితోట
మా పక్క ఏనుగుల్లేవు కానీ ఎలుగులున్నాయి. పనస పండే రోజుల్లో సాయంత్రం ఆరు దాటితే తోటలోకి ఒంటరిగా వెళ్ళం. జీడిమామిడి పండు వాసనకీ వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా కొబ్బరి, జీడి నేలమట్టం అయ్యాయి. చెట్టు పోయాక తోటకీ ఊరికీ మధ్య చాటు పోయింది, అవీ మేమూ ఎదురెదురు పడుతున్నాం. మా నాయనమ్మ దాన్ని పేరుపెట్టి పిలవదు, ‘ముసలాడు’ అంటుంది. పేరెత్తితే వస్తుందట.

రాళ్ళ_రామ్
జంతువుల మధ్యలో రాయి గురించి నాలుగు మాటలు. నేను గనుల శాఖ ఉద్యోగిని కాను, రాళ్ళంటే పిచ్చి, అంతే.

మన కొండల్ని రోడ్డు కోసం కోసిన చోట చూడండి. లోపల ఇటుకరంగు, మధ్యమధ్య తెల్లచారలు, చెయ్యి పెడితే పొడి రాలుతుంది. అది ఖోండలైటు. కొండల్లో ఉండే ఖోండుల పేరు మీద 1902లో వాకర్ అనే ఆయన పెట్టిన పేరు. కోణార్క గుడి కట్టింది ఈ రకం రాయితోనే. ఆ రాతిలో ఎర్రటి గింజలు మెరుస్తాయి, గోమేదికం రకం. వానకి రాయి పుచ్చి, గింజలు విడిపోయి, గెడ్డలో పడి, ఏటిలో కలిసి సముద్రానికి పోతాయి. కళింగపట్నం ఒడ్డున ఇసుకలో ఎర్రచారలు, నల్లచారలు చూశారా? అది మన కొండే. వంశధార మోసుకెళ్ళి అక్కడ పరిచింది.

చీపురుపల్లి వైపు కోడూరులో 1890ల్లో మాంగనీసు తవ్వకం మొదలైంది, దేశంలోనే అది మొదటి మాంగనీసు గని. అక్కడ దొరికిన ఒక రాతికి ఊరి పేరునిబట్టే కోడూరైటు అని పెట్టారు. ప్రపంచంలో ఎక్కడి భూగర్భ శాస్త్రవేత్తయినా మన కోడూరు పేరు పలకాల్సిందే. వాళ్ళు పలికేటప్పుడు ఊరి పేరు చెడలేదు. మన బోర్డులే చెడగొడుతున్నాయి.

మందస_కొండగాలి
రామ్ గారూ, మా గెడ్డ ఇసుకలో ఆ ఎర్రగింజలు ఉన్నాయి! పాప అగ్గిపెట్టెలో పోసి దాచుకుంది. కెంపులు అనుకుంటోంది. ఇప్పుడు కాదని చెప్పాలా వద్దా?

రాళ్ళ_రామ్
చెప్పకండి. కొన్నాళ్ళు కెంపులే.

ఎస్కోట_రైలు
మా శృంగవరపుకోట పేరు చూడండి, శృంగం అంటే శిఖరం. బొడ్డవర దాటగానే అరకు బండి కొండెక్కుతుంది, శివలింగపురం దగ్గర కిటికీలోంచి చూస్తే విజయనగరం పల్లం అంతా కింద పరిచినట్టు ఉంటుంది. అలాంటి పేరుని మనమే ఎస్.కోట చేశాం. గుమ్మలక్ష్మీపురాన్ని జి.ఎల్.పురం చేశాం. బోర్డు రాసినవాణ్ణి తిడుతున్నాం కానీ బస్సెక్కి ‘ఎస్.కోట ఒకటి’ అని టికెట్టు అడిగేది మనమే. నేను కూడా. పైన నా పేరు చూశారుగా.

విజీనారం_నిఘంటువు
పొట్టి చేయడం వేరు, చెడగొట్టడం వేరు. ముద్దుపేరు పెట్టినా మనిషి మనిషే.

పలాస_ప్యాసింజర్
ఇంత మాట్లాడుకున్నారు, మహేంద్రగిరి ఊసే లేదు! పలాస దాటాక బండిలో ఎడమవైపు కూర్చుంటే మేఘం తలపాగా చుట్టుకుని కనిపించేది అదే. 1,501 మీటర్లు. పురాణాలు చెప్పే కుల పర్వతాలు ఏడింటిలో ఒకటి. పరశురాముడు తపస్సు చేసుకునేది అక్కడే అంటారు.

సాలూరు_చిన్నోడు
అది ఒడిశాది అన్నా. గజపతి జిల్లా.

పలాస_ప్యాసింజర్
శిఖరం వాళ్ళది, నీడ మనది. శివరాత్రికి మనవాళ్ళు ఎంతమంది ఎక్కుతారో తెలుసా? శ్రీముఖలింగం రాజధానిగా ఏలిన గాంగరాజులకి కులదైవం ఆ కొండ మీది గోకర్ణేశ్వరుడే. అక్కడ పుట్టిన నీటికి మహేంద్రతనయ అని పేరు, కొండకి కూతురన్నమాట. ఒక పాయ పర్లాకిమిడి వైపు వెళ్ళి వంశధారలో కలుస్తుంది, ఇంకొకటి సోంపేట పక్కగా వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండిటికీ పేరు ఒకటే. కూతురు పుట్టింట్లో ఉండిపోదు కదా, మన ఊళ్ళకే వచ్చింది.

పాలకొండ_మాస్టారు
ఎవరిదన్న వాదన ఈ కొండల విషయంలో తెగదు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి అన్నీ మాతోనే. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చింది, అవి అటు వెళ్ళాయి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది, సీతంపేట కొండలతో పాటు నేను కూడా అటు వెళ్ళాను. ఇల్లు కదల్లేదు, జిల్లా మారింది. గెడ్డలకి ఇవేమీ పట్టవు. అందుకే పేరు జాగ్రత్త పెట్టుకోవాలంటాను. ఫైళ్ళు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు కొత్తగా టైపు చేస్తారు, ఒక అక్షరం జారుతుంది.

తూర్పుకనుమ_పిట్ట
సీతంపేట అంటే గుర్తొచ్చింది. ఆ వైపు పులిపుట్టి అని ఊరుంది. కొరాపుట్, ముంచంగిపుట్టు పేర్లలో ఉన్నట్టు పుట్టు అంటే పల్లె. కాబట్టి పులి తిరిగిన పల్లె అని నా ఊహ.

అలాగే గిరినాగు, అంటే రాచనాగు. చాలామంది ఈ పాముని చూడగానే కొడతారు. దాని తిండి వేరే పాములే. ఆడపాము వెదురు కింద రాలిన ఆకుల్ని ఒంటితో చుట్టి దగ్గరికి లాక్కుని కుప్ప చేసి, లోపల గుడ్లు పెట్టి, పైన కాపలా ఉంటుంది. పాముల్లో ఇలా గూడు కట్టేది ఇదొక్కటే. శృంగవరపుకోట పైన నేను ఒక గూడు చూశాను, తుడిచి పోగేసిన చెత్తకుప్పలా ఉంది. పక్కన కాలు పెట్టబోయిన నన్ను కొండదొర తెగ తాత ఒకాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ‘అమ్మ ఉంది’ అన్నాడు, అంతే.

సవరగూడ_టీచర్
‘అమ్మ ఉంది’. మా వైపు కూడా అలాగే అంటారు.

కొండగాలి గారూ, ఒక పని చేద్దామా? మా బడిలో నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలు ఇరవైమంది ఉన్నారు. కందికొత్తల పండక్కి పెద్దవాళ్ళందరూ ఊళ్ళోనే ఉంటారు. పిల్లల చేత అడిగించి ఒక్కో కొండ పేరు, ఊట పేరు, మడి పేరు రాయిస్తాను. సవర పేరు ఒక పక్క, తెలుగు పేరు ఒక పక్క. మీ గెడ్డ పై భాగం మా బంధువుల ఊరి మీదుగానే వస్తుంది, దానికీ పైన వేరే పేరు ఉండే ఉంటుంది.

మందస_కొండగాలి
టీచర్ గారూ, తప్పకుండా. నేను మొన్న ఆదివారం మళ్ళీ వెళ్ళొచ్చాను. మా తాత చెల్లెలు ఉంది, ఎనభై దాటాయి, చూపు ఆనదు. అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను. ఆవిడ కొండల వైపు చూడలేదు, వేళ్ళు మడుస్తూ పోయింది. పంతొమ్మిది పేర్లు చెప్పింది. తాత చెప్పిన వరసే, ఎడమ నుంచి కుడికి. ఒకచోట ఆగి, ‘దీని పేరు మీ తాత తప్పు చెప్పేవాడు, అది ఉయ్యాలకొండ కాదు, ఊయలమ్మ కొండ’ అంది. ఇక దాని మీద రేపు మా ఇంట్లో పెద్ద గొడవే.

బోర్డు గురించి సంబంధిత ఆఫీసులో అర్జీ ఇచ్చాను, తీసుకున్నారు. ఈలోపు మా ఊరి కుర్రాళ్ళు ఊరుకోలేదు. గెడ్డ వంపు దగ్గర తెల్లమట్టి పక్కనే నిలువెత్తు రాయి ఉంది, దాని మీద సున్నంతో ‘కణితిగెడ్డ’ అని రాశారు. కింద కొమ్ములు మా పాప వేసింది.

విజీనారం_నిఘంటువు
పంతొమ్మిది పేర్లూ ఇక్కడ పెట్టండి. ఊయలమ్మ ఎవరో కూడా అడిగి రాయండి.

గరుగుబిల్లి_రైతు
మా అయ్యని అడిగాను. మా పైన ‘ఏనుగుపడ్డ లోవ’ అని ఒక లోయ ఉందట. నాకు నలభై ఆరేళ్ళు, ఈ పేరు వినడం ఇదే మొదటిసారి. పిట్ట తమ్ముడూ, ఎప్పుడొస్తావో చెప్పు, అయ్యని తీసుకుని వెళ్దాం. చలికాలం అయితే మంచిది, ఆయన మోకాళ్ళు చూసుకోవాలి.